మిరపకొట్లో నా మలబద్ధకం

నాకు ఇరవై రెండేళ్ళున్న ఆ కాలంలో నా కడుపు తప్ప లోకంలో అన్నీ సాఫీగానే నడిచేవి. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను. నెల రోజులు పని చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు షావుకారు గారు. ఆయనకు నచ్చని పని ఏదీ చేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ముఖ్యంగా పని మధ్యలో లేవకూడదు. కనుక నీళ్ళు తాగకూడదు (తాగితే లేవాలి కదా!). కొట్టు వెనక మరుగుదొడ్డి ఉండేది. అందులో ఖాళీ గోతాలు నింపి తాళం వేశారు. గోతాలకు ఎంత మర్యాదో! తాళంచెవి షావుకారు గారి బల్ల సొరుగులో ఉండేది.

పొద్దున ఆరింటి బస్సు పట్టుకోవాలి కాబట్టి ఇంట్లో కుదురుగా కూర్చునే తీరిక లేదు. మధ్యాహ్నం క్యారేజీలో ఆవకాయ అన్నం. వారం తిరిగేసరికి మూడు రోజులుగా విరేచనం లేదు. మా అమ్మ ఇసబ్గోల్ డబ్బా చేతికిచ్చి, "రెండు గ్లాసుల నీళ్ళతో తాగవే" అంది. నేను మహా తెలివైనదాన్ని కనుక రెండు గుక్కలతో సరిపెట్టాను. అది నాలో మిగిలిన కాస్త తడినీ పీల్చుకుని లోపలే హాయిగా స్థిరపడింది.

మర్నాడు బస్తాల మీద గుర్తులు వేస్తూ కడుపు పట్టుకుని కూలబడ్డాను. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళలో పెద్దావిడ (అందరం పిన్నీ అనేవాళ్ళం) దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, నీళ్ళు తాగుతున్నావా?"

"లేదు పిన్నీ. తాగితే ఎక్కడికెళ్ళను?"

"ఏళ్ళ తరబడి మా బతుకూ ఇంతేగా. చదువుకున్నదానివి, నువ్వన్నా అడగొచ్చుగా!"

అడిగితే ఉద్యోగం పోతుంది, అడగకపోతే నేనే పోయేలా ఉన్నాను. లేచి షావుకారు గారి బల్ల దగ్గరికి వెళ్ళి, సరుకు తెచ్చిన రైతులందరి ముందూ, "ఆ గది తాళంచెవి ఇవ్వండి సార్, నాలుగు రోజులైంది" అన్నాను.

"ఏం నాలుగు రోజులమ్మా?" అన్నారాయన.

వెనక నుంచి పిన్ని గట్టిగా విడమరిచి చెప్పింది (ఆ మాట ఇక్కడ రాయను). ఆయన మొహం ఎండుమిరప రంగుకు తిరిగింది. పొదిలి నుంచి వచ్చిన ముసలి రైతు మాత్రం, "పొద్దున్నే గోరెచ్చటి నీళ్ళు తాగమ్మా, జామకాయలు తిను" అని వైద్యం చెప్పాడు. తాళంచెవి బల్ల మీద పడింది. గోతాలు బయటికొచ్చాయి, మేం లోపలికెళ్ళాం.

ఉద్యోగమూ నిలిచింది. ఆనాటి నుంచి పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, హడావిడి లేని పది నిమిషాలు, రోజుకో ఆకుకూర. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు నీళ్ళు తాగమని గంటసేపు ఉపన్యాసమిస్తాను. నిన్న ఒంగోలు బస్సెక్కి, దాహమేసి సీసా మూత తీశాను. దారిలో బస్సు ఎక్కడా ఆపరని గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని, మూత బిగించేశాను.