కండె అయిపోయిన చప్పుడు

అక్క నిశ్చితార్థానికి సినిమా పాటలొద్దు, మనింటి మగ్గం చప్పుడుతో నేనే సంగీతం కడతానని అందరి ముందూ కోతలు కోశాను. అప్పటికి లాప్‌టాప్‌లో శాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని తొమ్మిది రోజులే అయింది. అదేం బ్రహ్మవిద్య కాదన్నారు. మనం రికార్డు చేసిన చప్పుడును అందులో పడేస్తే, కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కితే ఆ స్వరంలో పలుకుతుందట. అలా చెప్పినవాళ్ళు నాలాంటి తొందర మనిషిని చూసి ఉండరు.

మా అమ్మ మంగళగిరిలో ముప్పై ఏళ్ళుగా గుంట మగ్గం మీద చీరలు నేస్తోంది. ఆదివారం పొద్దున్నే ఆమె పక్కన ఫోను పెట్టి పావుగంట రికార్డు చేశాను. నూలు మోసుకుని నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే చప్పుడు, దువ్వెనలాంటి అచ్చు వచ్చి పోగును కొట్టే దెబ్బ, గుంటలో తొక్కుడు చెక్కల మీద కాళ్ళు మార్చినప్పటి కిర్రు, అన్నీ వచ్చాయి. ఆ మొత్తాన్నీ ఒకేసారి అన్ని మెట్లకూ అంటించేశాను. పై మెట్టు నొక్కితే మగ్గం దోమలా కీచుమంది. కింది మెట్టు నొక్కితే బురదలో దిగబడ్డ లారీలా మూలిగింది. అక్క నవ్వి నవ్వి మంచం మీద వాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

పంతం పట్టి చప్పుడును ముక్కలుగా కోయడం నేర్చుకున్నాను. దెబ్బ పడేచోటుకు వెంట్రుకవాసి ముందు కోయాలి. అంతా గాలించి నాలుగు దెబ్బల ముక్క ఒకటి పట్టాను. నాలుగో దెబ్బకు నాడె తేలిగ్గా, టక్కుమని, ఎంతో ముద్దుగా మోగింది. దాన్నే తిరిగి తిరిగి వచ్చేలా పెట్టి, మీద అక్క చేత ఆలాపన పాడించి అతికించాను. నా భుజం నేనే తట్టుకున్నాను.

అమ్మ చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. కాసేపటికే మొహం చిట్లించింది.

"ఎవరే నేస్తుందీ?"

"నువ్వేగదమ్మా."

"కండె అయిపోయింది. అదిగో, మళ్ళీ అయిపోయింది. ఆగదేంటే ఈ మనిషి?"

కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట. అది అయిపోతే నాడె తేలికై చప్పుడు మారుతుంది. అది వినగానే నేసేవాళ్ళ చెయ్యి ఆగిపోతుంది. పావుగంటలో సరిగ్గా ఆ ఒక్క దెబ్బనే నేను ఏరికోరి తెచ్చుకున్నాను. నా పాటలో ప్రతి నాలుగో దెబ్బకూ నూలు అయిపోతోంది, అయినా నేత సాగిపోతోంది. మగ్గాల ఇంట్లో పుట్టి నేను చేసిన నిర్వాకమిది.

"హాల్లో మన వీధి వాళ్ళంతా ఉంటారు, అందరూ నేసేవాళ్ళే. ఇది మనింటి మగ్గమని మాత్రం చెప్పబాక," అంది అమ్మ.

ఏడుపొచ్చింది. అమ్మ తలెత్తుకుని వినలేనప్పుడు, పాట ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

నా మొహం చూసి ఆమే లేచింది. "ఫోను పట్రా. నిండు కండె పెడతా."

ఈసారి ఒక్కో చప్పుడునూ విడిగా కోసి మూడు మెట్లకు పెట్టాను. అమ్మనే వాయించమన్నాను. మొదట వేళ్ళు తడబడ్డాయి. తర్వాత బల్ల కింద కాళ్ళు వాటంతటవే ఒకటి మార్చి ఒకటి తొక్కడం మొదలుపెట్టాయి, లయ కుదిరిపోయింది. దాన్ని అలాగే రికార్డు చేసి, మీద అక్క ఆలాపన అతికించాను. కానీ ఆ తేలిక దెబ్బ మీద నా మమకారం చావలేదు. అమ్మకు చెప్పకుండా పాట చివర ఒకే ఒక్కసారి వేశాను.

నిశ్చితార్థం రోజు అక్క నడిచి వస్తుంటే పాట మొదలైంది. వినుకొండ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు వైపు వాళ్ళు మర్యాదగా వింటున్నారు. నా కళ్ళు మాత్రం మా వీధి వాళ్ళు కూర్చున్న వరసల మీదే ఉన్నాయి. కుర్చీల కింద చెప్పులు ఒకటొకటిగా కదిలాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నా ఆనందం పట్టనలవి కాలేదు.

చివర నాడె తేలిగ్గా టక్కుమంది. అక్క ఆలాపన ఇంకా సాగుతూనే ఉంది. ఆ వరసల్లో కాళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పక్కనే ఉన్న అమ్మ కాళ్ళూ ఆగాయి. ఆ వరసల వంక చూసి, నా చెవి దగ్గరకు వంగింది.

"ఇప్పుడు చెప్పుకో, మనింటి మగ్గమేనని."