వేలానికి పెట్టిన పనులు

బెలూన్లు ఊదుతుండగానే నాకు అర్థమైపోయింది, దీనివల్ల అయ్యేదేమీ లేదని. పాలకొల్లు రోడ్డు మీద మా ల్యాబు. రొయ్యల చెరువుల నుంచి వచ్చే నీళ్ళూ రొయ్యలూ పరీక్షించి, రోగం ఉందో లేదో రైతుకి ఫోన్లో చెబుతాం. నేను ఇన్‌చార్జిని. మిగతావాళ్ళంతా చదువు కాగానే మొదటి ఉద్యోగంగా ఇక్కడ చేరినవాళ్ళే. వేసవి నుంచి ఒకరి తర్వాత ఒకరు మానేస్తుంటే హెడ్డాఫీసువాళ్ళు ఫోన్ చేసి, పని సరదాగా ఉండేలా చూడమన్నారు. శుక్రవారం సాయంత్రాలు ఆటలు ఆడించమన్నారు.

సరేనని ఫ్రిజ్‌ల మధ్య ఖాళీ చేసి కుర్చీలాట పెట్టాను. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాను. మైక్రోస్కోపు దగ్గర పనిచేసే అమ్మాయి మొదటి పాటకే ఆటలోంచి తప్పుకుంది. నిడదవోలు పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. స్లైడు చూడటంలో ఆమె కన్ను పట్టినట్టు ఇంకెవరి కన్నూ పట్టదు.

"అప్పుడే ఔటయ్యావేంటమ్మా?" అన్నాను.

"నేనే కూర్చోలేదండి." పూతరేకు కాగితం మడతపెడుతూ, గొంతు తగ్గించింది. "మేడమ్, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందండి. ఈ సోమవారం కాదు, పై సోమవారంలోపు చెప్పమన్నారు."

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువంటే ఏం లేదండి." కాగితాన్ని ఇంకో మడత వేసి, "ఇక్కడ ఏమీ లేదండి, అదే," అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. సంతోషం దేవుడిచ్చేదే కాని మనం తయారుచేసేది కాదని సండేస్కూలు పిల్లలకి ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. ఇప్పుడు నా చేతికి ఒక పంపు ఇచ్చి, బెలూన్లోకి ఊదినట్టు ఊదమన్నారు. శనివారమంతా ల్యాబులో అటూ ఇటూ తిరిగాను. ఆమె ఉండిపోవాలని ప్రార్థన చేశాను. మధ్యలోనే ఆగిపోయాను. ఆమె మేలు అడుగుతున్నానా, నా ల్యాబు మేలు అడుగుతున్నానా? దేవునికి తెలుసు. నాకే తెలియలేదు.

ఆదివారం మా చర్చి సంఘంలో కోతపండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. అరటిగెలలు, కొబ్బరిబోండాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన కాగానే చెట్టుకింద వేలంపాట. ఇంట్లో పాదుకి పాతిక సొరకాయలు వేలాడుతున్నవాళ్ళే ఇక్కడ ఒక్క సొరకాయ కోసం పోటీపడతారు. పాడుకున్నాయన డబ్బు సంఘానికి కట్టి, కాయ తిరిగిచ్చేస్తే మళ్ళీ పాట మొదలు. "మీ ఆవిడ వండనందేంటండీ, తిరిగిచ్చేస్తున్నారు?" అని ఒకరు, "ముందు మీరు పాడండి, తర్వాత చూద్దాం" అని ఇంకొకరు. నెలల తరబడి ఆ సొరపాదుకి నీళ్ళు మోసి విసుక్కున్న మనుషులే నవ్వుతున్నారు. పక్కన కూర్చున్న సంఘపెద్ద "ఏమ్మా, నువ్వు పాడవేం?" అన్నాడు. అప్పటికే నా మనసు ల్యాబులో ఉంది.

మళ్ళీ శుక్రవారం కుర్చీలు జరపలేదు. మా కోతపండుగ సంగతి చెప్పి, మర్నాటి నుంచి వారం రోజుల పనుల్ని వేలానికి పెట్టాను. డబ్బు మాట లేదు, ఒక పని కావాలంటే ఇంకో పని పాడాలి. సీసాలు కడగటం, చిరాకుపడే రైతుల ఫోన్లు ఎత్తటం, నెల రిపోర్టు. చెరువుల మీదకెళ్ళి శాంపిళ్ళు తెచ్చే ఫీల్డ్ కుర్రాణ్ణి పాట నడపమన్నాను. పుట్టింది అందుకే అన్నట్టు బల్లమీద స్కేలు కొట్టాడు.

"సీసాలండీ సీసాలు! కంపు గ్యారంటీ! ఎవరండీ?"

"నా ఫోన్లు నువ్వు ఎత్తితే సీసాలు నేను కడుగుతా," అన్నాడొకడు పక్కవాడితో.

"ఆయ్, ఒకటోసారి!"

నవ్వులు మొదలయ్యాయి. చివరికి ఫీల్డ్ కుర్రాడు తన పనే వేలానికి పెట్టాడు. శనివారం చెరువుల తిరుగుడు. ఎండ, బురద, కాలవగట్టు మీద బండి. దానికి మొదట పాటే రాలేదు.

"వారం మొత్తం సీసాలు నేను కడుగుతానండి," అంది నిడదవోలు అమ్మాయి. "రిపోర్టు కూడా రాస్తాను. చెరువులు నాకివ్వండి."

అందరూ వెనక్కి తిరిగారు. "నీకెందుకమ్మా? ఆ గట్లమీద ఆడపిల్లవి..." అన్నాను.

"రెండేళ్ళ నుంచి ఆ నీళ్ళే చూస్తున్నానండి. చెరువు మాత్రం ఒక్కటీ చూళ్ళేదు."

ఫీల్డ్ కుర్రాడు స్కేలు పైకెత్తి నావైపు చూశాడు. "మేడమ్, పాడుకున్నాక ఇవ్వనంటే మీ చర్చిలో ఊరుకుంటారాండీ?"

ఆమెని ఆపిందెవరో అప్పటికి గాని నాకు తట్టలేదు. ఆడపిల్లల్ని గట్లమీదకి పంపకూడదన్న రూలు ఏ కాగితంలోనూ లేదు, నా నోట్లోనే ఉంది.

శనివారం అతని బండి మీద ఇద్దరూ వెళ్ళారు. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. నంబరు అంటించిన సీసా, స్లైడు, ఇంకో నంబరు, ఇంకో స్లైడు. కాసేపటికే మెడ పట్టేసింది. ఆ నంబరు వెనక ఊరు లేదు, మనిషి లేడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ కూర్చున్నాను. లారీ హారన్ వినపడితే చాలు, కాలవగట్టే కళ్ళముందుకొచ్చేది.

ఫోన్ మోగింది, నిడదవోలు అమ్మాయే. వెనక చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల హోరు.

"మేడమ్, పొద్దున ఆటోలో వచ్చిన సీసా ముందు చూడండి. ఆ రైతుగారు నా పక్కనే ఉన్నారు."

ఆయనే ఫోన్ తీసుకున్నాడు. "ఏవండీ, రొయ్య పట్టేయమంటారా, ఉంచమంటారా? తెల్లారగట్ల నుంచి గట్టుమీదే ఉన్నానండి."

పట్టేస్తే రొయ్య ఇంకా చిన్నది, ధర రాదు. ఉంచితే రోగమైతే చెరువంతా పోతుంది. స్లైడు పెట్టి చూశాను. నా కళ్ళకి చెడ్డదేదీ కనబడలేదు. అయినా స్లైడు తీసి మళ్ళీ పెట్టి చూశాను. ఇన్నాళ్ళు "నెగెటివ్ అండి" అని ఎంత తేలిగ్గా చెప్పానో!

"ఇందులో ఏమీ కనబడటంలేదండి. రొయ్యని మా అమ్మాయిని చూడమనండి," అన్నాను.

ఆమె గొంతు దూరంగా వినబడింది. "మేత ట్రే ఎత్తండి బాబాయ్ గారూ... పేగు నిండుగానే ఉందండి, మేత బాగా తింటోంది. ఉంచుదాం. సాయంత్రానికి ఇంకోసారి చూస్తాను. ఏదన్నా ఉంటే నేనే ఫోన్ చేస్తాను."

మధ్యాహ్నం దాటాక మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. మూత తీయకుండానే ఆ సీసా ఎత్తి వెలుగులో పట్టుకుని చూసింది, అదేదో తెలిసినవాళ్ళ సీసా అయినట్టు. సాయంత్రం మళ్ళీ పరీక్షించింది. బాగానే ఉంది. ఫోన్ తనే చేసింది.

తర్వాత నా దగ్గరికొచ్చింది. "సోమవారం హైదరాబాద్‌వాళ్ళకి రానని చెప్పేస్తానండి. కానీ వారానికి రెండు రోజులు చెరువులమీదకి వెళ్తాను. ఆ రెండు రోజులూ మీరు స్లైడ్లు చూడాలి."

"చూస్తాను. ఉండిపోతున్నట్టేనా?"

"ఆ చెరువు పంట చేతికొచ్చేదాకా ఉంటానండి. ఆ తర్వాత మళ్ళీ అడగండి."

ఇంకా గట్టిగా అడగబోయి మానుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఆమెని ఉంచమని అడగలేకపోయాను. నేను చూడనైనా చూడని ఒక రొయ్యల చెరువు కోసం మోకరించాను. నీళ్ళు బాగుండాలని, కరెంటు పోకూడదని అడిగాను. మా పిల్లలు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు.