సముద్ర నక్షత్రం చోటు

నా భార్య ఇబ్రహీంపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఆ ఏడు వానాకాలంలో పోయింది. దసరాకు ల్యాబ్‌లో ఆయుధపూజ చేస్తూ కాలేజీ ఆయమ్మ, ఆయా, జంతువుల నమూనాలున్న సీసాలన్నీ కడిగింది. పేర్లు రాసిన చీటీలు ఊడిపోయాయి. మూతలకు పసుపు కుంకుమ పెట్టి, అరల్లో రంగు కాగితం పరిచి, సీసాలను పొడవు ప్రకారం పేర్చింది. సోమవారం కొత్త లెక్చరర్ వస్తారు, ఈలోగా సర్దకపోతే పారేయిస్తామని ప్రిన్సిపాల్ అన్నారట. ఆయా నాకు ఫోన్ చేసింది.

"మేడం పెట్టినట్లనే పెట్టాలె సార్. నీకు ఎర్కేనా?"

నాకు తెలియదు. నేను చదివింది చరిత్ర. నా భార్య పాఠ్యపుస్తకం తీసుకుని వెళ్లాను. కాలేజీ ఎదుటి చేలో ప్లాట్లకు రాళ్లు పాతుతున్నారు.

మొదటి పని సులువు. వెన్నెముక ఉన్నవి పై అరలో, లేనివి కింద. ఆయా గబ్బిలాన్ని పిచ్చుక పక్కన పెట్టింది.

"పిల్లలకు పాలిస్తది. అది మన గుంపు" అన్నాను.

"గట్లనా? చుట్టమని ఇంటికొస్తే చాయ్ పొయ్యాల్నా?"

చాలా రోజులకు నవ్వాను.

కింది అరలో స్పంజిక, జెల్లీ చేప, బద్దె పురుగు, ఏలికపాము, వానపాము, రొయ్య, నత్త. మిగిలింది సముద్ర నక్షత్రం. తల లేదు, మెదడు లేదు. మధ్య నుంచి చుట్టూ ఒకేలా ఉంది కదా అని జెల్లీ చేప పక్కన పెట్టి, అనుమానంతో పుస్తకం తెరిచాను. రొయ్య, నత్తల పిండంలో మొదట ఏర్పడే రంధ్రం సాధారణంగా నోరవుతుందట. సముద్ర నక్షత్రంలోనూ మనలోనూ ఆ వైపు మలద్వారం వస్తుంది, నోరు తర్వాత తెరుచుకుంటుంది. అంటే అది రొయ్య కంటే మనకే దగ్గర.

"మనం ఆడికెల్లి మొదలైనమా సార్!" అంది ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

సీసాను అర చివరికి, వరసలో వెన్నెముక ఉన్నవాటికి ముందు చోటుకు జరపబోతే రంగు కాగితం చిరిగింది. కింద చెక్క మీద ఏదో సీసా ఏళ్లుగా నిలిచిన నలుచదరపు మరక. మిగతా సీసాలన్నీ గుండ్రటివి. ఇదొక్కటే నలుచదరం. మరక మీద సరిగ్గా కూర్చుంది.

కొత్త చీటీలు రాశాను. ఆయా వాటి మీద టేపు అంటించింది. కుంకుమ మాత్రం తుడవనివ్వలేదు.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. కొత్త లెక్చరర్ ఆ చివరి సీసా దగ్గర ఆగి, అన్నీ ఉంచమన్నారట.

"ఎవరు పెట్టిన్రు అని అడిగిండు. మేడం అన్న సార్."

"అవ్, ఆమెనే" అన్నాను.