ఎడమ చెవిలో గాలి

పోయిన నెల చెవి పరీక్షకు వెళ్ళాను. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తొడిగి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటను నొక్కమంది అక్కడి అమ్మాయి. తలుపు మూయగానే బెంగళూరు మొత్తం ఆగిపోయినట్టయింది. నేను శ్రద్ధగా నొక్కుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తెరిచి, "సార్, నేనింకా సౌండ్ పెట్టనే లేదు. మీరు అప్పుడే పదిసార్లు నొక్కేశారు," అంది. నా ఎడమ చెవిలో మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉంది, బిగువు చాలని గొట్టంలోంచి గాలి కారుతున్నట్టు. అది నాకు కొత్తేమీ కాదు. దాని సంగతి చెప్పాలంటే వెంకటప్ప సంగతి చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బెంగళూరు పక్కన జిగణిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ గాలి గొట్టాలు బిగించడం నా పని. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఎవరో చెబితే కాటన్‌పేట సందులో ఉన్న వెంకటప్ప షెడ్డుకు వెళ్ళాను. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. ఎడమ చెవి వినపడదు. కొండల్లో, బురదల్లో జీపులు తోలే సరదా ఊళ్ళోవాళ్ళకు బాగా పట్టుకున్న రోజులవి. బురదలో దిగేముందు టైర్లలో గాలి సగం తీసేస్తే పట్టు దొరుకుతుంది. తిరిగి రోడ్డెక్కాక నింపుకోవాలి. అడవిలో గాలి కొట్టేవాడు ఎక్కడుంటాడు? అందుకని పాత కారు ఏసీ కంప్రెసర్ ఒకటి తెచ్చి ఇంజను పక్కన బిగించి, ఇంజను బెల్టుతోనే దాన్ని తిప్పి, వెనక సీటు కింద ట్యాంకు పెట్టి, బండి తన గాలి తానే తయారు చేసుకునేలా చేసేవాడు వెంకటప్ప. ఆ పనిలో ఆయన తర్వాతే ఎవరైనా.

నేను ఫ్యాక్టరీ మనిషిని, నాకు తెలియనిదేముందన్న పొగరు నిండుగా ఉండేది. మొదటి వారంలోనే బెల్టు సరిగ్గా ఉందని చూపుతోనే తేల్చేశాను. ఆయన జేబులోంచి దారం తీసి, ఒక పుల్లీ నుంచి ఇంకో పుల్లీకి లాగి పట్టాడు. నూలు మందాన బెల్టు వంకరగా ఉంది. "కన్ను మోసం చేస్తాదప్పా. దారం చెయ్యదు," అన్నాడు. కంప్రెసర్ మొత్తం విప్పి మళ్ళీ బిగించాను. ఆ పూట ఆయన మీద ఒళ్ళు మండిపోయింది కానీ, ఆ దారం ముక్క ఇప్పుడు నా జేబులో కూడా ఉంటుంది.

ఆయనకు రెండు వింత అలవాట్లుండేవి. సాయంత్రం షెడ్డు మూసేముందు ట్యాంకుల్లో మిగిలిన గాలిని వదిలేస్తూ, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు "పోయి రా అప్పా" అనేవాడు. 'పోతా' అని ఎవరైనా గడప దాటితే వెనక్కి పిలిచి 'పోయొస్తా' అనిపించేదాకా వదిలేవాడు కాదు. రెండో అలవాటు ఇంకా విచిత్రం. ఎక్కడైనా గాలి కారుతోందేమో వినడానికి వినపడని ఎడమ చెవినే ఆనించేవాడు. ఆయనకు గాలి సోకిందని సందులో అందరూ చెప్పుకునేవాళ్ళు. గాలితో బతికేవాడికి గాలి సోకక ఏం సోకుతుందని నేను నవ్వేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "చెవిటి చెవి పెట్టి ఏం వింటావు మామా?"

"ఈ చెవిలో మా అన్న ఉండాడు. పొద్దస్తమానం సన్నగా ఊదుతా ఉంటాడు," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన అన్న నరసప్ప కూడా అదే షెడ్డులో పనిచేసేవాడనీ, చాలా ఏళ్ళ కిందట గాలి ట్యాంకు పేలి పోయాడనీ, ఆ పేలుడులోనే వెంకటప్ప చెవి పోయిందనీ అప్పటికి నాకు తెలుసు. రేకు తుప్పు పట్టి పేలిందని చెప్పుకునేవారు. నరసప్ప భార్య లక్ష్మమ్మ పక్క సందులోని ఇంట్లో వెంకటప్పకు వండి పెట్టేది. పెళ్ళి చేసుకోని మరిదికి, పిల్లలు లేని వదినకు ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు.

ఆ వేసవిలో ఒక పాత మిలిటరీ జీపు వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే అబ్బాయిది. ఆ సాయంత్రానికే కావాలన్నాడు. పని అంతా అయింది కానీ ట్యాంకు మీది సేఫ్టీ వాల్వు సన్నగా కారుతోంది. గాలి హద్దు మీరితే దానంతటది తెరుచుకుని వదిలేసే వాల్వు అది. స్ప్రింగు బలహీనమై ముందే వదులుతోంది. "తిని వచ్చి కొత్తది వేస్తా. అంతవరకు బండి ముట్టుకోవద్దు," అని చెప్పి వెంకటప్ప అన్నానికి వెళ్ళాడు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. ఈలోగా మిగతా అతుకులు చూసేద్దామనుకున్నాను. ఫ్యాక్టరీలో లీకు వెతికేటప్పుడు కారే వాల్వును తీసేసి ఆ కన్నంలో బోల్టు బిగించేవాళ్ళం. అక్కడ పెద్ద లైనుకు ఇంకో వాల్వు ఉండేదన్న సంగతి నాకు గుర్తు రాలేదు. బోల్టు బిగించి, ఇంజను ఆన్ చేసి, వెనక్కి వెళ్ళి ట్యాంకు మీదికి వంగి, బ్రష్షుతో సబ్బు నీళ్ళు రాస్తూ బుడగల కోసం చూస్తున్నాను. గాలి నిండగానే కంప్రెసర్‌ను ఆపేసే స్విచ్చి ఉందిలే అన్న ధీమా.

మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ గోలగా ఉండే సందులో ఎందుకో మనిషి అలికిడి లేదు. ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. ట్యాంకు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. అప్పుడు పక్కన ఎవరో నిలబడి ఊపిరి బిగబట్టినట్టనిపించింది. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు.

అంతలో వెంకటప్ప పరుగున వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. కుడిచేతి నిండా పెరుగన్నం. ఆ చేత్తోనే తాళం తిప్పి ఇంజను ఆపి, నా చొక్కా పట్టి బయటికి లాగేశాడు. తర్వాత ముందు బంపరు దగ్గర, టైర్లకు గాలి కొట్టే గొట్టం కుళాయి తిప్పాడు. గాలి అరుస్తూ బయటికొచ్చింది. మీటరు వైపు చూశాను. స్విచ్చి అతుక్కుపోయి కంప్రెసర్ ఆగనే లేదు. సూది ఎర్ర గీతను ఎప్పుడో దాటి చివరి మేకును ఆనుకుని ఉంది.

గాలి పూర్తిగా పోవడానికి చాలాసేపు పట్టింది. "పోయి రా అప్పా," అన్నాడు ఆయన మెల్లగా. ఆ మాట ఎవరితో అనేవాడో నాకు అప్పుడు అర్థమైంది.

"నీకెట్లా తెలిసింది మామా? ఇల్లు పక్క సందులో కదా. ఏం వినపడింది?"

"ఏమీ వినపడలేదప్పా. అందుకే వస్తిని. ఇన్నేండ్లలో ఈ చెవిలో చప్పుడు ఎప్పుడూ నిలవలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటా ఉంటే టక్కున నిలిచిపాయ." నేను బిగించిన బోల్టును విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. "రేకు తుప్పు పట్టిందని లోకానికంతా చెప్తి. తుప్పు లేదు. కారతా ఉండాదని నేనే ఇట్లా బోల్టు బిగిస్తి. బీడీకని బయటికి పోతి. మా అన్న లోపల ఉండాడు."

వెనకనుంచి నీళ్ళ చెంబుతో లక్ష్మమ్మ వచ్చింది. "తింటా తింటా లేచి వస్తివే, ఏమాయనప్పా?" అని అడిగింది.

"ఏమీ లేదు వదినా. వీడు బోల్టు బిగించి మర్సిపోయినాడు, అంతే."

ఆమె ఆ బోల్టును చాలాసేపు చూసింది. ఆయన చేతి మీద నీళ్ళు పోసి, బోల్టును తీసుకుని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకు నేను వైట్‌ఫీల్డ్ దగ్గర సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం ట్యాంకులో గాలి వదులుతున్నాను. గాలి అయిపోయింది, సూది సున్నాకు వచ్చింది. చప్పుడు మాత్రం ఆగలేదు. వాల్వు మూశాను, చెయ్యి అడ్డం పెట్టాను, అయినా ఆగలేదు. ఎడమ చెవి మూసుకుంటే ఇంకా స్పష్టంగా వినిపించింది. అప్పుడే ఫోను మోగింది. లక్ష్మమ్మ. "మీ మామ పాయనప్పా," అంది.

పదకొండో రోజున వెళ్తే, ఆమె దేవుడి గూట్లోంచి చిన్న గుడ్డమూట తీసి నా ముందు విప్పింది. అందులో రెండు బోల్టులున్నాయి. ఒకటి నాది. రెండోది కమిలి నల్లగా ఉంది.

"మా ఇంటాయన పోయిన పొద్దు రేకు ముక్కలు ఏరింది నేనే కదప్పా. బోల్టు దాంట్లోనే ఉండ్య. మీ మామే ఒకనాడు చెప్తాడని ఇన్నేండ్లు ఎదురు చూస్తి. అడిగుంటే అన్నం తినకుండా పోతాడేమోనని అడగకపోతి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఒక్కసారి అడిగి ఉంటే ఆయన ఎంత తేలిక పడేవాడో అని ఇప్పటికీ అనుకుంటాను. వచ్చేటప్పుడు గడప దగ్గర "పోయొస్తానమ్మా" అన్నాను. నా గొంతు నాకు ఎడమవైపు సరిగా వినపడలేదు.

పరీక్ష అయ్యాక డాక్టరు, ఏళ్ళ తరబడి కంప్రెసర్ల మోతలో ఉన్నందుకు ఇలా వచ్చిందన్నాడు. నిజమే అయివుంటుంది. మందు రాసిచ్చి, వాడితే చప్పుడు తగ్గిపోవచ్చన్నాడు. ఆ చీటీ ఇంకా జేబులోనే ఉంది, దారం ముక్క పక్కన. నా షెడ్డులో ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళు అక్కడే ఉంటారు. మందు మింగి ఈ చప్పుడు పోగొట్టుకుంటే, ముద్ద వదిలేసి పరిగెత్తమని నాకెవరు చెబుతారు?