మా బావ తీగల పంతం

చదివే పెద్దలకు నమస్కారం. ముందే చెబుతున్నాను, నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేశాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే మన్నించండి. నలుగురిలో మాట్లాడడం నాకు మొదటినుంచీ రాదు. అయినా ఇది రాయక తప్పలేదు.

మా బావ పోయాడు. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. బావ అంటే మా అప్ప పెనిమిటి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ ఉదయం నేను టెక్కలిలో, పనిచేసే రైస్ మిల్లులో ఉండగా అప్ప ఫోన్ చేసింది. "తమ్ముడా, మీ బావ లెగనేదురా" అంది. అంతకంటే ఒక్క మాట లేదు. బస్సులో వజ్రపుకొత్తూరు వైపు వెళ్తున్నంతసేపూ ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అంతకు ముందు వారమే గిటారు తీగల కోసం నన్ను బరంపురం పంపాడు. నేను తెచ్చిన పొట్లం విప్పనైనా విప్పకుండా పోయాడు. సరైనవి తెచ్చానో లేదో ఇక చెప్పేవాడెవడు?

బావకు నాలుగెకరాల జీడితోట, కొబ్బరిచెట్లు ఉండేవి. వాటితోపాటు ఒక కరెంటు గిటారు. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో ముప్పై ఏళ్లు వాయించాడు. మా ఉద్దానంలో పాడేవాళ్లను జనం గుర్తుపెట్టుకున్నారు గానీ, వెనక స్టూలు మీద తలొంచుకుని కూర్చునే ఆయనను ఎవరు చూస్తారు? ఆయనకు ఆ బాధ లేదు. ఉన్న బాధల్లా తీగలదే.

ఆ గిటారుకు ఆరు తీగలు. సన్నవి మూడూ వట్టి ఉక్కు. లావువి మూడూ ఉక్కు తీగకు పైన ఇంకో సన్న తీగ చుట్టి ఉంటాయి. ఆ చుట్టిన తీగ అచ్చమైన నికెల్ అయి ఉండాలి. అదీ మా బావ పంతం. పలాసలో దొరికేవి ఇనుముకి నికెల్ పూత వేసినవి. అందరూ అవే వాడతారు, అవీ మోగుతాయి. బావకు మాత్రం పనికిరావు. పూతదయితే ఏమయిందని ఒకసారి అడిగితే, "గిల్టు గాజు బంగారవయిపోద్దేటిరా" అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మా అప్ప ఊరుకునేది కాదు. "కూరలో ఉప్పు ఎక్కువయితే తెల్దు గానీ, తీగలో నికిలు తక్కువయితే తెలుత్తాది ఈ మనిసికి" అనేది. తన పాత చీరలు చించి ఆ గిటారుకు చుడతాడని ఆమె గొడవ. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి తీగ తుప్పు పడుతుందని ఆయన భయం. వాయించడం అయ్యాక ఒక్కొక్క తీగనూ కింది నుంచి పైదాకా పొడిగుడ్డతో తుడిచేవాడు. ఆరూ తుడిచాకే అన్నానికి లేచేవాడు. ఆకలితో మేము ఎదురుచూడాలి.

బరంపురం వెళ్లే పని నాది. నాకు ఒడియా రాదు, వచ్చినా నోరు పెగలదు. బావ చీటీ రాసిచ్చేవాడు. కొట్టాయన ముందు ఆ చీటీ పెట్టి నిలబడేవాణ్ని. ఆయన ఇచ్చింది తెచ్చేవాణ్ని. అలా చాలా ఏళ్లు జరిగింది.

ఒకసారి నాకు అనుమానం వచ్చింది. ఇంత దూరం పోయి తెస్తున్నాం, కొట్టాయన మోసం చేస్తే? మా మిల్లులో ధాన్యంలో కలిసొచ్చే మేకులు పట్టడానికి సూదంటురాయి పెడతాం. అది ఎన్నడూ తప్పు చెప్పలేదు. అలాంటిదే చిన్న ముక్క జేబులో వేసుకుని వెళ్లాను. కొట్లో పొట్లం విప్పించి లావు తీగకు ఆనిస్తే టక్కున అంటుకుంది. ఇనుమే. దొంగ దొరికాడనుకున్నాను. వద్దని చెయ్యి ఊపాను. కొట్టాయన ఏదో చెప్పబోయాడు, నాకు అర్థం కాలేదు. వేరేవి చూపించమని సైగ చేశాను. అన్నీ ఆనించి చూశాను. ఇత్తడిలా పచ్చగా మెరిసే ఒక రకం రాయికి అంతగా అంటలేదు. అదే తీసుకుని, జీవితంలో మొదటిసారి ఒక మోసం పట్టానన్న ధీమాతో రైలెక్కాను.

తిన్నగా సోంపేట వెళ్లాను. అక్కడ పగలు ఓణీల ఫంక్షన్. బావ గిటారు మీద లావు తీగలు మూడూ తెగిపోయి ఉన్నాయి, నా కోసమే చూస్తున్నాడు. పొట్లం విప్పి ఆ పచ్చటి తీగలను చూశాడు. నన్ను చూశాడు. వేరే దారి లేదు, అవే బిగించాడు. పాట మొదలయింది. సన్న తీగలు మోగాయి. లావు తీగలు మూడూ మూగవాళ్లలా గొణిగాయి తప్ప పలకలేదు. పాడే అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. బావ ఆ ఫంక్షనంతా మూడు సన్న తీగల మీదే వాయించాడు. నేను కుర్చీల వెనక దాక్కున్నాను.

ఆటోలో వస్తూ జరిగింది చెప్పాను. బావ తిట్టలేదు. అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"గిటారు కడుపులోనే సూదంటురాళ్లున్నాయిరా. తీగ వాటికి అంటాల. అంటితేనే మోత. నికిలు కూడా అంటుకుంటాది. నువ్వొద్దన్నదే అసలుది."

"అంటుకోడమే కావాలంటే ఇనుముదే పెట్టొచ్చు కదా" అన్నాను. నాకూ ఉక్రోషం ఉంటుంది.

"ఇనుము అరుస్తాది. నికిలు మాటాడతాది. నీ రాయి ఏది అంటుకుంటాదో సెప్తాది గానీ, ఏది మాటాడతాదో సెప్పదు."

తర్వాత బరంపురం వెళ్లినప్పుడు ఆ కొట్టాయనకు దండం పెట్టాను. ఎందుకో ఆయనకు తెలియలేదు.

చివరి రెండేళ్లూ మా వైపు చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే బావకూ వచ్చింది. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి పలాస తీసుకెళ్లేవాణ్ని. అందుకు సూది గుచ్చడానికి ఎడమచేతి నరం సిద్ధం చేద్దామన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి పనికి ఉంటుంది కదా అని వాళ్ల మంచి మాట. మా బావ వింటాడా? "మీటడం ఒంటి ఏలితో అయినా మీటొచ్చు డాట్రుగారూ. నొక్కడానికి ఎడమసెయ్యే గావాల" అని కుడిచెయ్యి చాపాడు. ఆ చెయ్యి అన్నం కలుపుకోవడానికి నొప్పెడుతుంటే అప్ప కలిపి పెట్టేది. నేను తల కొట్టుకునేవాణ్ని. తర్వాత ఒకరోజు చూశాను. ఆయన ఎడమచేతి వేళ్లకు సత్తువ లేదు. పూత తీగలయితే నొక్కలేడు, నికెల్ తీగ కొంచెం మెత్తన. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. మోత కోసమే అన్నట్టు నన్ను బరంపురం తరుముతూనే ఉన్నాడు.

పెద్దకర్మ అయ్యాక మందస మేస్టారు వచ్చాడు. బావ దగ్గర గిటారు నేర్చుకున్న బడిపంతులు. గిటారు ఆయన్నే తీసుకెళ్లమంది అప్ప. కానీ ఒక్క షరతు పెట్టింది. "మాసికం రోజు ఇంట్లో ఒకపాలి వాయించండి బాబూ. ఆయన మోత ఒక్కపాలి ఇని ఇచ్చేత్తాను." జీవితమంతా ఆ మోతను తిట్టిన మనిషి అడిగింది అదొక్కటే.

ముందుగా సరిచూద్దామని మేస్టారు అప్పుడే పొట్లం విప్పి తీగలు బిగించి వాయించాడు. లోపల జీడిపిక్కలు కొడుతున్న అప్ప, తల ఎత్తకుండానే అంది.

"ఇది ఆయనది కాదు."

మళ్లీ తప్పు తెచ్చానా? మేస్టారు పొట్లం తిప్పి తిప్పి చదివి, అచ్చమైన నికెలే, సరిగ్గా తెచ్చావన్నాడు. అప్ప మాత్రం కాదంటే కాదంది. చివరికి ఆయనే అడిగాడు, కొత్త తీగలు వేశాక మా గురువుగారు ఎన్నాళ్లకు గిటారు ఫంక్షన్లకు తీసుకెళ్లేవారమ్మా అని. పది రోజులు పొద్దున్నే అరుగు మీద వాయించేవాడని అప్ప చెప్పింది. "కొత్త తీగ కొత్త సెప్పు లాటిది, కరుత్తాది, అరగనియ్యాల" అనేవాడట. ఇన్నేళ్లు తీగలు మోసుకొచ్చిన నాకు ఈ సంగతి ఆయన చెప్పలేదు చూడండి.

మేస్టారుకు బడి ఉంది, వెళ్లిపోయాడు. మిల్లుకు సెలవు పెట్టి నేను కూర్చున్నాను. నాకు వాయించడం రాదు. మోత పెంచే డబ్బాకు వైరు తగిలించి, పొద్దున్నే అరుగు మీద ఆరు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి మీటుతాను. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి. వేళ్లు బొబ్బలెక్కాయి. పక్కింటివాళ్లు తలుపులేసుకుంటున్నారు. రోజూ లోపల్నుంచి అప్ప "ఇంకా నేదు" అంటుంది, మళ్లీ పిక్కలు కొడుతుంది.

ఇవాళ ఆరో రోజు. లావు తీగ మీద వేలు వేసి వదిలాను. లోపల పిక్కలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. రోజూ అనే "ఇంకా నేదు" ఇవాళ అప్ప అనలేదు. ఆ మోత పూర్తిగా అణిగాకే మళ్లీ పిక్కలు కొట్టింది.

మాసికానికి ఎనిమిది రోజులే ఉంది. ఆయన చేతికి పది రోజులయితే, నా మొద్దు చేతికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు. ఈ తీగల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి తొందరగా జవాబు రాయండి. అందాకా మీటుతూ ఉంటాను.