చాక్‌పీసు గీత దాటిన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్

రిటైర్మెంటుకు ఆరేళ్లుందనగా, ఉగాది మరుసటి వారం, మందమర్రి నుంచి గోదావరిఖనిలోని ఒక భూగర్భ గని సర్వే ఆఫీసుకు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా బదిలీ అయ్యాను. గని పటాలు గీయడం నా అసలు పని. దానితోపాటు రక్షణ బోర్డుల బాధ్యత కూడా అప్పగించారు. పైకప్పుకు ఇంకా ఆధారాలు పెట్టని చోట ‘ముందుకు వెళ్లరాదు’ అని కార్మికుడిని ఆపే బోర్డులవి. అవి కనబడకపోతే మనిషి నేరుగా కూలబోయే బండ కిందికి నడుస్తాడు.

ఆ బోర్డులు రాసే ఎల్లయ్య కాక రికార్డుల్లో జనరల్ మజ్దూర్, అంటే హోదాలో అందరికన్నా కింది మెట్టు. ఆయన కుంచె ముందు మాత్రం మేమందరం కింది మెట్టే. చెయ్యెత్తి ఆపే మనిషిని నాలుగు పూతల్లో నిలబెట్టేవాడు. ఆ విద్య నేర్చుకోవాలని కొత్త రంగు డబ్బాలు కొని ఆయన ముందు వాలాను. కాక వాటిని భద్రంగా బీరువా మీద పెట్టి, ఒక బొగ్గు పెల్ల, చాక్‌పీసు, పాత ప్రింట్ల కట్ట నా చేతికిచ్చాడు. తెలుపు, బూడిద, నలుపు, ఈ మూడింటితోనే గీయాలట. కళ్లు సగం మూసి, వెలుగెక్కడ, చీకటెక్కడ అన్నదే చూడాలట. ముప్పై ఏళ్లు గనిలో చేసినవాడికి బొగ్గుతో పాఠమా అని నాకు తలకొట్టేసినట్టయింది.

స్కేలుకు అలవాటుపడ్డ చెయ్యి కదా, హెల్మెట్ అంచును వెంట్రుక మందాన గీశాను. కాక కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

“గీతలు మంచిగున్నయ్ సారూ. మరి టోపీ ఏది?”

పది రోజులు క్యాంటీన్ కెటిలూ, బూట్లూ గీశాను. మసి చేతులతో ఇంటికెళ్తే మా ఆవిడ, హెడ్డు అయ్యాక తట్ట మోయమన్నారా అని అడిగింది. ఓపిక నశించి, కాకకు చెప్పకుండా ఒక ఆదివారం ఆకుపచ్చ మీద ఎర్రక్షరాలతో బోర్డు రాసేశాను. మేనేజరు మెచ్చుకున్నాడు. గుమాస్తాలు ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు.

కొత్త బోర్డును ముందు ఆధారాలున్న సొరంగంలో కట్టి చూడటం కాక ఆనవాయితీ. అలాగే కట్టి, దాని కింద నేలమీద చాక్‌పీసుతో గీత గీశాడు. గీత అవతల కప్పు చెడ్డదనుకోవాలి. రాసినవాడే తలదీపంతో యాభై అడుగుల నుంచి నడిచి రావాలి.

నడిచాను. దుమ్ములో, ఆ దీపం వెలుగులో ఎరుపూ ఆకుపచ్చా కలిసి ఒకే మసకైపోయాయి. నా బోర్డెక్కడా అని అటూ ఇటూ వెతుకుతూ పోతుంటే వెనక నుంచి కాక గొంతు వినబడింది.

“మీ పానం పోయి నాలుగడుగులయింది సారూ. ఇగ పైకి పోయి చాయ్ తాగుదాం రాండ్రి.”

నవ్వాను. చాయ్ గ్లాసు పట్టుకున్నాక మాత్రం భయమేసింది. మరునాడే ఆ బోర్డును దింపిన చోటే వదిలేసి మళ్లీ బొగ్గు పెల్ల పట్టాను. నెల తర్వాత నల్లని నేపథ్యం మీద తెల్లని అరచెయ్యి వేశాను. ఈసారి కాక, సంగతి తెలియని ఓవర్‌మన్‌ను, అంటే షిఫ్టులో కార్మికుల పని చూసే అధికారిని నడిపించాడు. అతను గీతకు పది అడుగుల ముందే ఆగి, ఇటు దారి ఎందుకు మూశారని మమ్మల్ని అడిగాడు.

అప్పుడు కాక బీరువా మీది డబ్బాలు దించి తెచ్చాడు. “గిప్పుడు రంగేసినా ఫికర్ లేదు” అన్నాడు.

బోర్డును ఆఫీసు ట్యూబులైటు కింద చూసి సంతకం పెట్టకూడదు. చదవాల్సినవాడి దీపంతో, అతను నడిచే దారిలో, రాసినవాడు ముందు నడిచి చూడాలి.