టిక్కు పెట్టమన్న రోజు

ఆ రోజుల్లో తప్పు చెయ్యమనేవాడు చూడగానే తెలిసిపోతాడని నా నమ్మకం. డిప్లొమా ఆఖరి ఏడాది మమ్మల్ని సోలార్ ప్లాంటుకు ఇంటర్న్‌షిప్పుకి పంపే ముందు మా లెక్చరరమ్మ (ఆమె కేకేస్తే తరగతంతా ఒక్కసారి ఆరిపోయేది కాబట్టి ఫ్యూజు మేడమ్ అనేవాళ్ళం) పనిచోట తప్పు చెయ్యమంటే ఏం చెయ్యాలో నేర్పారు. పాఠమంటే నాటకమే. ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, "ఏయ్, సంతకం పెట్టు!" అని గద్దిస్తారు. మేం గొంతు పెంచకుండా "చూడకుండా పెట్టలేను సార్" అనాలి. అందరూ అన్నారు. నాకు మాత్రం నవ్వాగలేదు. మూడోసారి కూడా నవ్వేసరికి, "నగు, బాగా నగు. ఆడికి పోయినాక తెలుస్తాది" అని బయట నిలబెట్టారు.

రెండో వారంలోనే తెలిసింది. బలసముద్రం ప్లాంటులో మా సూపర్‌వైజరన్న మంచివాడు. ఎండలో తిరుగుతుంటే పిలిచి మజ్జిగ ఇచ్చేవాడు. (చిక్కంతా అక్కడే. చెడ్డవాడిలా ఉంటే గుర్తుపట్టేదాన్ని కదా!) ప్యానెళ్ళ ఇనుప స్టాండ్లకు కట్టిన ఎర్త్ వైరు (అది తెగితే స్టాండు ముట్టుకున్నవాళ్ళకు షాకు కొట్టొచ్చు) బాగుందో లేదో వరసవరసకీ మీటరుతో చూసి, కాగితంలో టిక్కు పెట్టడం నా పని. నలభై వరసల్లో పదకొండు చూశానో లేదో ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"పాపా, మధ్యాన్నమే ఆడిట్ వాళ్ళొస్తారంట. మిగతావాటికీ టిక్కు కొట్టి సంతకం పెట్టేయ్."

"చూడల్ల కదన్నా?"

"పోయిన నెల చూసినవేలే. ఏమైతాది? నీ సర్టిఫికెట్టు రాసేది నేనే కదమ్మా."

దూరంగా ముప్పయ్యో వరస దగ్గర కూలికొచ్చిన ఆడవాళ్ళతో కలిసి మా చిన్నమ్మ గడ్డి కోస్తోంది. మేడమ్ నేర్పిన మాట నోటిదాకా వచ్చి నవ్వైపోయింది. భయమేస్తే నాకు నవ్వొస్తుందని ఆ రోజే తెలిసింది. ఆయన బెదిరిపోయాడు.

"ఏంది, ఎందుకు నగుతాండావు? పైనోళ్ళకి ఏమన్నా చెప్పినావా?"

"లేదన్నా... ఆడ మా చిన్నమ్మ ఉండాది... చూడకుండా ఎట్ల పెట్టేదన్నా?" నవ్వుతూనే ఏడ్చేశాను.

ఆయన చిన్నమ్మ వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. "పా, మీటరు తీస్కో" అన్నాడు. నేరుగా ఆడవాళ్ళున్న వైపుకే వెళ్ళాం. ముప్పై రెండో వరసలో ఎర్త్ వైరు తెగి వేలాడుతోంది. ఆయన చేతులూపుతూ, "అందరూ బయటికి రాండమ్మా! స్టాండు ముట్టుకోవాకండి!" అని అరిచాడు. "ఏంటికప్పా అట్ల అరుస్తావు, ఇంగ రెండు సాళ్ళే ఉండాయి" అని మా చిన్నమ్మ కొడవలి పట్టుకుని గొణుక్కుంటూ వచ్చింది.

కొత్త వైరు బిగించేసరికి ఆడిట్ వాళ్ళు దిగారు. మిగతావి చూడలేదని ఆయనే చెప్పేశాడు. వాళ్ళు "సాయంత్రానికి చూసి పంపండి" అని, టీ తాగి వెళ్ళిపోయారు. ఇంతేనా! ఇద్దరం అక్కడే నేలమీద కూలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం. "నేను ట్రైనింగుకొచ్చినప్పుడు పెట్టమంటే పెట్టేసినా పాపా. వద్దని ఎట్ల చెప్పల్లో నాకెవురూ నేర్పలేదు" అన్నాడు నేలకేసి చూస్తూ.

సాయంత్రం నలభై వరసలూ చూసి పనిచోట నా మొదటి సంతకం చేశాను. ఇంటిపేరు, నాన్న పేరు, చివర నాగలమడిక అని ఊరి పేరూ కలిపి రాస్తే గడి దాటి పక్క గడిలోకి పోయింది. రోజూ ఇలాంటి కాగితాల మీద పెట్టీపెట్టీ ఇప్పుడు నా సంతకం రెండు గీతలైంది. ఊరి పేరు దాకా రాసిన ఆనాటి ఆ పిల్ల చూస్తే వీటిని సంతకమని ఒప్పుకుంటుందా అని ఒక్కోసారి నవ్వొస్తుంది. అప్పుడు పెన్ను పక్కన పెట్టి, లేచి, ఇంకోసారి చూసొచ్చి గీస్తాను.